ప్లేటుకు కనపడని ఎరుపు

మా చిన్నాయన కెమెరా లేకపోతే మా చిన్నమ్మ చేతిపని నాలుగ్గోడల మధ్యే మట్టిలో కలిసిపోయేదని మా వాళ్లందరూ చెప్పే మాట. మొన్న దసరాకి జయనగరంలో మా తమ్ముడింట్లో, అంటే ఆ చిన్నాయన కొడుకింట్లో, ఇది మళ్లీ విన్నాను. హాల్లో సోఫాకి పైన ఆ ఫోటో ఉంది. దానికోసం ప్రత్యేకంగా ఒక బల్బు కూడా పెట్టించాడు మా తమ్ముడు. బొమ్మల కొలువు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లకి పసుపు కుంకుమ అందేలోపలే వాళ్లని ఫోటో ముందర నిలబెట్టి, ‘ఇవన్నీ బొటనవేలంత బొమ్మలండీ. మా అమ్మ చేసింది. మా నాయన ఫోటో తీసింటే కదా ఈపొద్దు మీరు చూస్తా ఉండేది’ అంటున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ‘ఆమెకు ఈ ఫోటో అంటే ఎంత ప్రాణమంటే, ఒక ఏడాది దీన్నే కొలువులో పెట్టి హారతి ఇచ్చిందంట’ అని ముక్తాయింపు. వచ్చినవాళ్లు గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను గుగ్గిళ్లు నములుతూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతకాని పని కాబట్టి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. వాడు చెప్పింది అబద్ధమని నేననను. అబద్ధమైతే ఒక్క మాటతో పోయేది. అది ముప్పాతిక నిజం. మిగిలిన పాతికలోనే మా చిన్నమ్మ ఉంది.

అవి యుద్ధం రోజులు. కాటన్‌పేటలో మా ఇల్లు ముందు సగం అంగడి, వెనక సగం కాపురం. ముందు గదిలో దూది మూటలు పైకప్పు దాకా ఉండేవి. ఇంట్లో ఎవరు తుమ్మినా అది జలుబో దూదో తెలిసేది కాదు. వీధి కిటికీలకి నల్లకాగితాలు అంటించి ఉండేవి. కంటోన్మెంటు వైపు సోల్జర్ల లారీలు పోతుంటే మా అవ్వ గడపలో కూర్చుని, ఒక్కొక్క లారీనీ ఎగాదిగా చూసి, తనకి నచ్చిన వాళ్లకి దీవెనలూ నచ్చని వాళ్లకి శాపనార్థాలూ పెట్టేది. వ్యాపారం మా నాయనది. మా చిన్నాయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. నేను కాలేజీలో ఇంటర్ చదివేదాన్ని, తర్కం ఒక పాఠ్యాంశం. చదవకముందూ నేనిట్లే ఉన్నానని, చదివినాక దానికి పుస్తకం తోడైందని మా అవ్వ ఫిర్యాదు.

చిన్నమ్మది హిందూపురం వైపు పల్లె. మాట తక్కువ మనిషి, అయితే అన్న మాట మాత్రం సూదిలాగా దిగేది. కొలువులో ప్రతి ఏడాదీ ఒక్క కొత్త బొమ్మైనా చేరాలని మా ఇంటి ఆచారం. ఆమె కాపురానికి వచ్చిన మొదటి దసరాకి, ఎందుకో, కొత్త బొమ్మ తేవడం అందరూ మరిచిపోయారు. పండగ పొద్దున అవ్వ లబోదిబోమంటుంటే కొత్త కోడలు పెరట్లోకి వెళ్లి, మట్టి పిసికి, గంటలో ఒక చిలకని చేసుకొచ్చి మెట్టు మీద పెట్టిందట. అప్పటినుంచీ కొత్త బొమ్మ బాధ్యత ఆమెది. చెరువు మట్టిలో మా అంగడి చిల్లర దూదిని కలిపి దంచి, చింతగింజల జిగురు పోసి, పగుళ్లు రాకుండా నీడన ఆరబెట్టేది. ఉడత వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి రంగు వేసేది. ఆమె కుంచె పట్టుకుంటే ఇంట్లో ఎవరూ పలకరించే వాళ్లం కాదు, అవ్వ తప్ప.

అట్లా ఏళ్ల తరబడి చేరిన వాటిలో తలమానికం పెండ్లి ఊరేగింపు. బొటనవేలంత మనుషులు. పల్లకీలో పెండ్లికూతురు, పెండ్లికొడుకు. బుగ్గలు పూరించిన నాదస్వరం అతను. తలమీద గ్యాసు లైటు మోస్తూ మెడ వంచినవాడు. వియ్యపురాలి చెవిలో ఏదో చాడీ చెబుతున్న ఒక ముసలామె. ఈమె అచ్చం మా అవ్వ, ఆ సంగతి అవ్వకి తప్ప అందరికీ తెలుసు. ఊరేగింపు మొత్తానికీ ఎరుపే ప్రాణం. ఎరుపులో అన్ని ఎరుపులుంటాయని నాకు ఆ బొమ్మలు చూసేదాకా తెలియదు. తాంబూలం ఎరుపు, ఎండుమిరప ఎరుపు, కొత్త ఇటుక ఎరుపు, మందారం ఎరుపు. ఒకరి బట్టకి వేసింది ఇంకొకరికి వెయ్యలేదు. యుద్ధానికి ముందు నగర్తపేట అంగడిలో కొన్న, ఓడల్లో వచ్చే సీమ రంగుపొడులు అవి, ఆ తర్వాత రావడం ఆగిపోయింది. పెండ్లికూతురి చీరకి మటుకు ఆమె రెండు మూడు పొడులు కలిపి ఏదో చేసింది. అది నేను చెప్పిన వాటిల్లో ఏదీ కాదు. కాస్త ఎండ పడితే ఒకలాగా, దీపం ముందర ఇంకోలాగా ఉండేది. ‘ఇది దేని ఎరుపు చిన్నమ్మా?’ అని అడిగాను. ‘చెప్పుకో చూస్తాం’ అంది. మందారం కాదంది, దానిమ్మ కాదంది, పారాణి కాదంది. ‘బయటోళ్లు ఎవరైనా చూసి అడిగితే అప్పుడు చెప్తా. ఇంట్లోవాళ్లు చూసేది చూసినట్ల కాదే’ అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఎంత ఆశ ఉందో నాకు తర్వాత ఒక ప్రదర్శన మాట వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.

చిన్నాయన కెమెరా కథ వేరే. ఎవరో తెల్ల దొర ఊరొదిలి పోతూ అమ్ముకున్న దాన్ని, ఫిల్ముకు బదులు గాజు ప్లేటు పెట్టి తీసేదాన్ని, సంపాదించాడు. మొదట్లో ఆయన తీసిన ఫోటోల్లో మా నాయనకి తల లేదు, ఆవుకి ఒళ్లు లేదు, మా అవ్వకి మూడు చేతులు. కానీ పట్టుదల మనిషి, నేర్చుకున్నాడు. ఒకనాడు ఆఫీసునుంచి వస్తూనే, ఊళ్లో ఏదో మహిళా సంఘం చేతిపనుల ప్రదర్శన పెడుతోందనీ, ముందుగా ఫోటో పంపితే చూసి, నచ్చినవాటిని పిలిపిస్తారనీ చెప్పాడు. మన బొమ్మలు పోవాల్సిందే అన్నాడు. చిన్నమ్మ తలెత్తలేదు. వంటింట్లోకి నేను వెళ్లినాక మాత్రం, ‘దానికి ఎవరెవరు వస్తారంట?’ అంది. ‘బొమ్మల కాడ నన్నూ నిలబడనిస్తారా? ఎవరైనా అడిగితే చెప్పల్ల కదా’ అంది. అంతవరకూ ఆ మనిషి ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు.

మరుసటి ఆదివారం పెరట్లో యాగం మొదలైంది. అంత చిన్న బొమ్మల దగ్గరికి పోతే కెమెరాకి అన్నీ మసకగా కనపడతాయట. చిన్నాయన ఆలోచించి ఆలోచించి అవ్వ కళ్లద్దాలు లాక్కుని, ఒక అద్దాన్ని కెమెరా కంటికి దారంతో కట్టాడు. అది నిజంగానే పనిచేసింది, ఆయన బుర్రని నేను తక్కువ చెయ్యను. అవ్వ మాత్రం చేటలో బియ్యం పోసుకుని గోడకి ఆనుకుని కూర్చుని సాధించింది.

‘ఒరే, నా కండ్లు ఊడబెరికి ఆ పెట్టెకి పెట్టినావు. రాళ్లు ఎట్ల ఏరేదప్పా నేను?’

‘ఒక గడియ ఓర్చుకోమ్మా. నీ కండ్లతోనే లోకమంతా చూస్తాది.’

‘లోకం చూస్తాది, సరే. రాత్రికి అన్నంలో రాయి తగిలితే పన్ను ఎవురిది పోతాది?’

అవ్వ తెల్లచీరనే ఎండకి అడ్డంగా కట్టి వెలుగు బొమ్మల మీదికి మళ్లించాడు. జల్లించిన ఇసుక పరిచి వీధి చేశాడు. వెనక కంబళి వేలాడదీసి, దాని ముందర మా దూదినే పల్చగా విదిలిస్తే, ఊరేగింపు దుమ్ములోంచి వస్తున్నట్టుంది. ఆయన నేలమీద బోర్లా పడుకుని, బొమ్మల కళ్ల ఎత్తున కెమెరా పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. చూశాను. ఒక్క క్షణం నేనే ఆ వీధిలో పక్కన నిలబడి, పల్లకీకి దారి ఇస్తున్నట్టనిపించింది. ఇట్లాంటి ఉపకారం కూడా చేశాడు కాబట్టే నాకీ కోపం ఇన్నేళ్లైనా ఒక కొలిక్కి రాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును.

ఫోటో వచ్చింది. అవ్వ తన కళ్లద్దాలు తనకి దక్కినాక మొదట చూసింది దాన్నే.

‘ఇదేమప్పా, పెండ్లికి పొయ్యేటోళ్లంతా బొగ్గులంగడిలో పొర్లి వచ్చినట్ల ఉండారు. ఏమే, పెండ్లికూతురికి నల్లచీర కట్టినావేమే?’

‘నేను కట్టలేదత్తా’ అంది చిన్నమ్మ. ‘మీ కొడుకు కట్టినాడు.’

నిజంగానే అంతా నలుపు. అన్ని ఎరుపులూ కలిసి ఒకే మసి ముద్ద. పసుపు రాసిన మొహాలు కూడా నల్లబడ్డాయి. పైగా వార్నీషు మెరుపుకి ప్రతి బొమ్మ నెత్తిన తెల్లగా బొబ్బ ఎక్కినట్టు ఒక మచ్చ. చిన్నాయన మొహం వేలాడేసుకుని స్టూడియో పెట్టుకున్న స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన ఫోటో చూసి, బొమ్మలు చూసి, ఒక్క మాటలో తేల్చేశాడు. ‘ప్లేటుకు ఎరుపు కనపడదు సార్. దానికి ఎరుపూ నలుపూ ఒగటే. ఎరుపు చూసే ప్లేట్లు వేరే ఉండాయి, యుద్ధం అయ్యేదాకా రావు. మీరొక పని చేయండి. ఎరుపు ఉండే చోట్లంతా బూడిద కలిపిన నీలం వేయించండి. పసుపుకు బదులు తెలుపు. మెరుగు తీసేయండి. ఫోటోలో ఎట్ల వస్తాదో చూడండి. మునుపు సినిమావాళ్లు మొగాలకే పచ్చరంగు పూసుకుంటా ఉన్నారు.’ చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. అడిగింది ఫోటో గురించి, చెప్పింది ఫోటో గురించి.

తప్పెవరిదని నేను ఆ సాయంత్రమే వాదన పెట్టుకున్నాను. ‘చిన్నాయనా, బొమ్మల్ని చూపించేదానికి ఫోటోనా, ఫోటో కోసరం బొమ్మలా?’ అన్నాను.

‘కాలేజీలో మీకు నేర్పించేది ఇదేనా?’

‘తర్కం నేర్పిస్తారు.’

‘ఇంట్లో అది జాస్తి వాడొద్దు. రంగే కదే. ప్రదర్శన అయినాక మళ్లా వేసుకోదా?’

రంగే కదే. ఈ మాట నా చెవిలో అప్పుడు పడింది, ఇప్పటికీ బయటికి రాలేదు. కొత్తగా వేరే బొమ్మలు చేయించి వాటికి ఆ దిక్కుమాలిన నీలం పూయించమన్నాను. ఒక ఊరేగింపుకి ఏడాది పడుతుంది, ఫోటో పంపాల్సింది వచ్చేవారం అన్నాడు. ఇంకా ఏదో అనబోయాను. చిన్నమ్మ నన్ను చేత్తో ఆపి, ఆయన్ని అడిగింది.

‘ఆ ఫోటో ఎన్నాళ్లుంటాది?’

‘నూరేండ్లకూ చెక్కుచెదరదు.’

‘బొమ్మలు?’

‘మట్టివి కదా. చెయ్యి జారితే పాయె.’

ఆమె కాసేపు పల్లకీ వంక చూసింది. ‘పోనీ, ఫోటో చూసి పిలిస్తేనే కదా పొయ్యేది’ అని, ‘తడిగుడ్డ తేవే’ అంది నాతో. నేను లేవలేదు. ఆమే లేచి తెచ్చుకుంది.

ఒప్పుకుందిగా అంటారు మా వాళ్లు. అవును, ఒప్పుకుంది. ప్రదర్శన గడప దాటాలంటే ఆ ఫోటో తప్ప ఆమెకి ఇంకో దారి చూపించినవాళ్లు లేరు. దారి ఒక్కటే ఉన్నప్పుడు నడవడాన్ని ఒప్పుకోవడం అంటారా అన్నది నా ప్రశ్న. తర్కం పరీక్షలో ఇట్లాంటిది ఎవరూ అడగలేదు.

బూడిదతో, తడిగుడ్డతో వార్నీషంతా రుద్ది తీసింది. తర్వాత ఒక్కొక్క ఎరుపు మీదా ఆ నీలం పూసింది. తాంబూలం పోయింది, మిరప పోయింది, మందారం పోయింది. పెండ్లికూతురిని చివరిదాకా పక్కన పెట్టి, ఆఖరున ఆమెకీ పూసింది. మొహాలకి సుద్ద తెలుపు వేసినాక ఊరేగింపు మొత్తం నీళ్లలో నాని తేలిన మనుషుల్లా ఉంది. అవ్వ చూసి, కళ్లద్దాలు తనే తీసి చిన్నాయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రెండోసారి ఫోటో తీశారు. మళ్లీ కళ్లద్దాలు, మళ్లీ ఇసుక, మళ్లీ దూది.

ఆ రెండోదే ఇప్పుడు జయనగరంలో సోఫా పైన ఉన్నది. అది గొప్ప ఫోటో. కాదన్నవాళ్లకి కళ్లు లేవు. చీరల మడతలు లెక్కపెట్టవచ్చు, నాదస్వరం అతని బుగ్గ మీద చెమట ఉందనిపిస్తుంది, పెండ్లికూతురి మొహంలో సిగ్గూ భయమూ వేరువేరుగా కనిపిస్తాయి. సంఘంవాళ్లు చూడగానే బొమ్మలు తీసుకుని రమ్మని కబురు పెట్టారు. తిరిగి ఎరుపు వేసే వ్యవధి లేదు, వెయ్యాలన్నా ఆ పొడులు ఊళ్లో లేవు. నగర్తపేట అంగడాయన ఇటుకపొడిలాంటిది ఏదో చూపించి, ఇప్పుడు వచ్చేది ఇదేనమ్మా అన్నాడు. ఉన్నవాటిని ఉన్నట్టే బుట్టలో దూది పరిచి పెట్టుకుని జట్కాలో వెళ్లాం. చిన్నమ్మ పెండ్లిండ్లకని దాచుకున్న పట్టుచీర కట్టుకుంది.

బల్ల మీద బొమ్మలు. వాటికి సరిగ్గా పైన, గోడకి, చిన్నాయన పెద్దది చేయించిన ఫోటో. బొమ్మల ముందరి కార్డులో చిన్నాయన పేరుకి ముందు శ్రీమతి అని చేర్చి రాశారు. ఫోటో కింద ఆ శ్రీమతి లేకుండా అదే పేరు. జనం వచ్చేవాళ్లు, ఫోటో చూసి ఆహా అనేవాళ్లు, తల వంచి బల్ల మీదికి చూసేవాళ్లు, మళ్లీ ఫోటో చూసేవాళ్లు. ‘ఫోటోలో ఉండేది ఇవేనా?’ అని ఒకాయన నన్నే అడిగాడు. ఒక పెద్దింటావిడ, ముత్యాల దుద్దులు, పక్కనామెతో కన్నడంలో ‘ఇదక్కింత ఫోటోనే చెన్నాగిదె’ అంది. బొమ్మలకంటే ఫోటోనే బాగుందట. మెల్లగా అనలేదు, మామూలుగానే అంది. చిన్నమ్మ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. కన్నడం ఆమెకి తెలుగంత బాగానే వచ్చు. పొద్దుగూకేదాకా అట్లాగే నిలబడింది. చీరది దేని ఎరుపమ్మా అని ఎవరూ అడగలేదు. అడగడానికి అక్కడ ఎరుపు ఎక్కడుంది?

బహుమానం ఫోటోకి వచ్చింది. తిరుగుదారిలో జట్కాలో చిన్నాయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ‘చూసినావా, ఇది నీ బొమ్మలకే వచ్చింది’ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ‘ఊఁ’ అంది చిన్నమ్మ. బుట్ట ఒళ్లో పెట్టుకుని గుర్రం చెవుల వంక చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెరట్లో తొట్టి దగ్గర ఆమె ఒక్కతే ఉంది. పెండ్లికూతుర్ని చేతిలో పట్టుకుని, తడిగుడ్డ అంచుతో ఆ నీలాన్ని మెల్లగా తుడుస్తోంది. వార్నీషు ఉన్నన్నాళ్లూ అదొక కవచం. అది తీసేసి పూసిన రంగు కాబట్టి జిగురుతో కలిసి లోపలి రంగులోకి ఇంకిపోయింది. నీలంతో పాటే ఎరుపూ ఊడి వస్తోంది. గుడ్డ మీద రెండూ కలిసిన ఒక చెడ్డ రంగు మాత్రం మిగిలింది. మొహం తుడిచేసరికి తెల్లసుద్దతో పాటు కళ్లూ బొట్టూ పోయి మట్టి తేలింది. ఆమె ఆగిపోయింది. మిగతావాటి జోలికి వెళ్లలేదు. ‘మళ్లా చేద్దాం చిన్నమ్మా, నేను మట్టి దంచి ఇస్తా’ అన్నాను. ‘మళ్లా చేస్తే మళ్లా ఫోటో తీస్తారే’ అంది. చెయ్యి కడుక్కుని కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆమె కుంచె పట్టుకోగా నేను చూడలేదు.

ఆ మరుసటి దసరాకి అవ్వ మెట్లు కట్టించి, ఊరేగింపు తప్ప చిలక మొదలుకుని అన్నీ సర్దించి, ‘ఈ ఏడాది కొత్త బొమ్మ ఏదే?’ అని కేకేసింది. చిన్నమ్మ నడవలోకి వెళ్లి, గోడకి ఉన్న ఆ ఫోటోని ఊడదీసి తెచ్చి, ఊరేగింపు ఉండాల్సిన మెట్టు మీద పెట్టింది. ‘ఇదే అత్తా. మీ కొడుకు చేసింది’ అంది. కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది. చిన్నాయన చేతులు జోడించి నిలబడిపోయాడు. అంత గౌరవం ఆయనకి ఆఫీసులో ఎన్నడూ దక్కలేదు. మా తమ్ముడు చెప్పే ప్రాణం కథ ఇదే. వాడు అప్పటికి పుట్టలేదు. పుట్టి, అక్కడ నిలబడి, ఆ హారతి పళ్లెం పట్టుకున్న ఆమె మొహం చూసి ఉంటే, అది భక్తి అనడానికి వాడికి నోరొచ్చేది కాదు.

ఆమె పోయే ముందు ఏడాది నేను చూడ్డానికి వెళ్లి, మాటల్లో మాటగా అడిగాను, ఆ చీరది దేని ఎరుపో ఇప్పుడైనా చెప్పమని. చిన్నమ్మ గోడ మీది ఫోటో వంక చూసి, ‘ఎరుపా? అది బూడిద రంగు కదే’ అంది. నన్ను ఆట పట్టిస్తోందా, నిజంగానే మరిచిపోయిందా అని మొహంలో వెతికాను, దొరకలేదు. మొన్న కొలువులో మా తమ్ముణ్ణీ అడిగాను. ‘బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి రంగేందక్కా’ అని నవ్వాడు. పోనీ నేనున్నాను, రోజూ చూసినదాన్ని, అంత వాదించినదాన్ని. కళ్లు మూసుకుంటే నాకూ ఆ ఫోటోనే కనిపిస్తోంది. నూరేళ్లుంటుందన్నది ఉంది, ముప్పై ఏళ్లు తిరక్కుండానే దాని ముందరున్నదాన్ని అందరి కళ్లలోంచీ తుడిచేసింది. మందారం కాదు, దానిమ్మ కాదు, పారాణి కాదు. మరి అది దేని ఎరుపు?